గోటిపై నల్లని గీత

గోదావరి డెల్టాలో ఒక మనిషి వృత్తి యేదియో తెలియవలెనన్నచో, అతడు నోరు విప్పకమునుపే అతని చేతిగోళ్లు చెప్పివేయును. లంకభూములలో పొగాకు కోసి, గుచ్చి, ఆరవేయువారి గోళ్లు గోధుమవన్నెకు తిరిగియుండును. కోనసీమలో కొబ్బరికాయలు వలుచువారి వ్రేళ్లకు పీచులోని వగరు పట్టి నలుపు దిగును. మోరి గ్రామమున జీడిపిక్కలు కొట్టు స్త్రీల వ్రేలికొనలను ఆ పెంకులలోని ఘాటైన నూనె కాల్చి నల్లబరచును. కడియపులంక నర్సరీలలో అంట్లు కట్టువారికిని, వరినాట్లు వేయు కూలీలకును గోటిసందులలో మట్టి యేనాడును పూర్తిగా వదలదు. ఏండ్లతరబడి అట్టి రంగులతోనే గడపిన చేతిమీద, ఒకనాడు బొటనవ్రేలి గోటి మొదలునుండి కొసవరకు సన్నని నల్లని గీత యొకటి క్రొత్తగా పొడసూపినయెడల, దానిని గమనించువారెందరు? గమనించినను, మట్టియనియో, మరకయనియో, ఎన్నడో తగిలిన దెబ్బయనియో తలచి ఊరకుండుటయే మనవారి వాడుక. ఆ తలంపు తరచుగా నిజమే యగును. నిజము కాని కొద్దిచోట్లనే ప్రమాదమున్నది. ఆ కొద్దిచోట్లను కాలము మించకముందే గుర్తించుట యెట్లన్నదే ఈ వ్యాసమున నేను చెప్పదలచిన విషయము.

గోరు మనకు కనబడుచోట పుట్టదు. గోటి మొదట అంటియుండు పలుచని తోలుకు లోపల, చర్మమున దాగియున్న గోటిమూలమునందు కణములు పుట్టి, గట్టిపడి, పొరలు పొరలుగా ముందునకు నెట్టబడుచు గోరగుచున్నవి. బొటనవ్రేలి గోటి మొదట అర్ధచంద్రాకారమున కనబడు తెల్లని భాగము ఆ మూలముయొక్క ముందరి అంచు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును గనుక, మొదలునుండి కొసదాక క్రొత్తగోరు వచ్చుటకు ఇంచుమించు 6 నెలలు పట్టును. కాలిగోటి నడక మిక్కిలి మందము. అది నెలకు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే సాగుటచేత, కాలి బొటనవ్రేలి గోరు పూర్తిగా మారుటకు 12 మొదలు 18 నెలల కాలము కావలెను. ఈ లెక్కను పాఠకులు మనసున నుంచుకొనవలెనని నా ప్రార్థన; ఏలయన, గోటిపైని నలుపు ఏ జాతిదో తెలిసికొనుటకు ఇంటనున్నవారి చేతిలోనున్న సాధనము ఇదియొక్కటియే.

ఆ మూలమునందే, చర్మమునకు ఛాయనిచ్చు మెలనిన్ అను పదార్థమును తయారుచేయు వర్ణకణములును ఉన్నవి. వానిలో అధికభాగము నిద్రాణములై యుండుటచేత, గోరు పారదర్శకమై, కింది రక్తపుఛాయతో గులాబివన్నెగా కనబడును. ఏ కారణముచేతనైనను అందు కొన్ని మేల్కొని రంగును విడువసాగినచో, ఆ రంగు పుట్టుచున్న గోటిలో కలిసి, గోటితోపాటు ముందునకు సాగి, గీతయై నిలుచును. మగ్గముపైని పడుగులో నల్లని పోగొకటి కలిసినచో నేత సాగినంతదూరము చీరపై ఆ చార సాగునట్లు, రంగు విడుచు కణములు అచ్చటనున్నంతకాలము ఈ గీత మొదలునుండి కొసవరకు తెగక యుండును. దీనికి వైద్యులు పెట్టిన పేరు మెలనోనిఖియా. గోటి కొస ఆరు నెలల క్రిందట పుట్టినది, మొదలు నిన్నమొన్న పుట్టినది. కావున గీత మొదట వెడల్పుగా, కొసవైపు సన్నగా ఉన్నచో, దాని పుట్టుకచోటు ఈ ఆరు నెలలలో విస్తరించినదని అర్థము. ఇంత స్పష్టముగా తన చరిత్రను తానే వ్రాసికొను అవయవము శరీరమున మరియొకటి లేదేమో!

ఇక భయపడనక్కరలేని గీతలనుగూర్చి ముందుగా చెప్పవలెను. చర్మము నల్లనైనకొలది ఇట్టి గీతలు సహజముగనే యెక్కువ. ఆఫ్రికా సంతతివారిలో ఏబదియేండ్లు దాటునప్పటికి ఇంచుమించు అందరికిని ఏదోయొక గోటిపై గీత యుండును. జపానువారిలో నూటికి పదిమంది మొదలు ఇరువదిమందివరకు ఇది కనబడును. చామనచాయకును నలుపునకును నడుమనుండు మన తెలుగువారిలోను ఇది అరుదు కాదు. ఇట్టి సహజమైన గీతలు సాధారణముగా ఒక్క గోటితో ఆగవు. రెండుచేతులలోను పలుగోళ్లపై, సన్నగా, ఒకే వన్నెతో, రెండంచులును సమాంతరముగా, ఏండ్లు గడచినను మార్పులేక యుండును. తల్లికిని తోబుట్టువులకును అట్లే యుండుట కద్దు. గర్భిణులకు ఆ నెలలలో గీతలు తోచి, ప్రసవానంతరము మాయమగుటయు కలదు. బిగువైన చెప్పుల రాపిడివలన కాలి చిటికెనవ్రేలి గోరు నల్లబడుటయు, గోళ్లు కొరుకు అలవాటుగలవారికిని, గోటి మొదటనున్న తోలును గిల్లువారికిని గీతలు పడుటయు చర్మవైద్యులు ప్రతిదినము చూచుచున్న సంగతులే. వీనికి చికిత్స అక్కరలేదు. అలవాటు మానినచో చాలును.

మన పల్లెలలో నల్లగోటికి మొట్టమొదట చెప్పు కారణము దెబ్బ. పొలముగట్టుపై ఎదురుదెబ్బ తగిలి బొటనవ్రేలు చితికినను, తలుపుసందున వ్రేలు నలిగినను, గోటికింద రక్తము గడ్డకట్టి గోరు కమిలిపోవును. ఈ కమిలిన మచ్చ ఆదిలో ఎరుపుకలిసిన ఊదావన్నెగానుండి క్రమముగా నల్లబడును. నిలువుగీతవలె గాక, పెళ్లవలె గుండ్రముగనో వంకరగనో యుండును. అన్నిటికన్న ముఖ్యమైన లక్షణమేమన, ఇది గోటితోపాటు ప్రయాణము చేయును. మచ్చ ముందునకు జరుగుకొలది దాని వెనుక తేటయైన క్రొత్తగోరు కనబడవలెను. చేతిగోటియైనచో రెండు నెలలలో సుమారు 6 మిల్లీమీటర్లు మచ్చ జరిగి తీరవలెను. నేడు ఇంటింట ఫోను ఉన్నది గనుక, తేదీ తెలియునట్లు ఒక ఛాయాచిత్రము తీసియుంచి, నెలకొకసారి పోల్చి చూచుట ఎవరికిని కష్టము కాదు. కాలిగోటియందు మాత్రము ఇదే పరీక్షకు ఎక్కువ నెలలు పట్టును. ఆలోపల నలుపు మొదటనే నిలిచియున్నను, వెడల్పైనను, వేచియుండుట కూడదు.

అయితే దెబ్బ తగిలినట్లు జ్ఞాపకముండుట నిదర్శనము కాదు. కాలికి దెబ్బతగలనివాడు ఈ సీమలో లేడు. గోటిపై నలుపును చూచిన పిమ్మట వెనుకకు తిరిగి వెదకినచో ఏదోయొక దెబ్బ అందరికిని గుర్తుకు వచ్చును. జమైకా దేశపు విఖ్యాతగాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటికిందనున్న గాయమును ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బయనియే తలచిరి. 1977లో అది మెలనోమా అను వర్ణకణముల క్యాన్సరని తేలినది. వ్రేలు తీసివేయుటకు ఆయన సమ్మతింపలేదు. 1981 మే 11న, 36 ఏండ్ల ప్రాయమున, మయామీ నగరమందలి ఆసుపత్రిలో ఆయన కన్నుమూసెను.

పైనుండి పట్టిన మరకల సంగతి సులభము. పొగాకు, కొబ్బరిపీచు, జీడినూనె, గోరింటాకు గోటిపైభాగమునే అంటుకొనును; మెల్లగా గీకినచో కొంత రాలును; ఆ పని మానినచో గోరు పెరిగినకొలది మొదట తేటయైన భాగము వచ్చును. తడిలోనే బ్రతుకు వెళ్లదీయువారి విషయము వేరు. భీమవరము ప్రాంతమున రొయ్యలు వలుచు స్త్రీలకును, ఇళ్లలో అంట్లు తోముట వృత్తిగాగలవారికిని, గోరుచుట్టు పదేపదే వచ్చి, గోటికింది సందులో సూక్ష్మక్రిములు చేరి, పాచివంటి ఆకుపచ్చకలిసిన నలుపు ఏర్పడును. మనవారు పిప్పిగోళ్లని చెప్పు శిలీంధ్రవ్యాధిలోను గోరు దళసరియై, పెళుసై, కొన్నిసారులు నల్లబడును. బురదనేలలో చెప్పులులేక నడుచు ఉష్ణదేశపు కర్షకులలో, మట్టియందుండు ఒకజాతి బూజు గోటికి పట్టి నల్లని చారలు కలిగించుట వైద్యులకు తెలిసినదే. బూజు తరచుగా గోటి కొసనుండి లోనికి ప్రాకును గనుక, ఆ నలుపు కొసయందు వెడల్పుగాను మొదటివైపు సన్నగాను ఉండుట కద్దు. వర్ణకణములవలన కలుగు ప్రమాదకరమైన గీతకు ఇది విపర్యయము. పిప్పిగోళ్లకు వాడు సాధారణమైన మాత్రలు ఈ జాతి బూజుపై అంతగా పనిచేయవు. అందుచేత గోటిముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షింపకయే నెలలతరబడి మందులు మ్రింగుట, డబ్బును కాలేయమును వృథాగా ఖర్చుచేయుటయే.

గోటిపైని గీతలకును మన భీమవరమునకును ఊహింపని బంధుత్వమొకటి కలదు. ఆ పట్టణమున 1895 జనవరి 12న జన్మించి, స్ప్రూ అను ప్రేగువ్యాధికి సోదరులను కోల్పోయి, తానును ఆ వ్యాధిచే పీడింపబడి, పిదప అమెరికాకు పోయి లెడర్లీ సంస్థయొక్క పరిశోధనలకు అధ్యక్షుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు మెథోట్రెక్సేట్ వంటి మందులును, డగ్గర్ పండితుడు కనుగొనిన ఆరియోమైసిన్ అను టెట్రాసైక్లిన్ జాతి ఔషధమును, మన డెల్టాను తరతరములుగా బాధించిన బోదకాలునకు వాడు హెట్రజాన్ మందును ఆ పరిశోధనాలయమునుండియే వెలువడినవి. కీళ్లవాతమునకును సోరియాసిస్ వ్యాధికిని నేడు మెథోట్రెక్సేట్ వాడువారిలో కొందరికి గోళ్లపై నల్లని గీతలు పడును. టెట్రాసైక్లిన్ జాతికే చెందిన మినోసైక్లిన్ వలనను, క్యాన్సరునకిచ్చు సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్‌ల వలనను, సికిల్ సెల్ రక్తహీనతకిచ్చు హైడ్రాక్సీయూరియా వలనను, హెచ్.ఐ.వి. చికిత్సయందలి జిడోవుడిన్ వలనను ఇట్లే జరుగుట కలదు. ఇవి సాధారణముగా అనేకమైన గోళ్లపై ఒకేకాలమున కనబడును. మందు మానిన కొన్ని నెలలకు పెక్కుసారులు తగ్గును. కాని, గీతను చూచి భయపడి మందును తమంతతాము ఆపుకొనుట ప్రాణాపాయమునకు దారితీయగలదు. వైద్యునితో చెప్పుట మాత్రమే రోగి చేయవలసిన పని.

సుబ్బారావుగారి జీవితకార్యముతో ముడిపడిన హెచ్చరిక యింకొకటి కలదు. విటమిన్ బి12 లోపించినవారికి గోళ్లు నల్లబడుటయేగాక, వ్రేళ్ల కణుపులపైని చర్మమును ముదురువన్నెకు తిరుగును. పాలుపెరుగులైనను సరిగా తీసికొనని శాకాహారులకును, వృద్ధులకును, మధుమేహమునకు చిరకాలము మెట్‌ఫార్మిన్ వాడువారికిని ఈ లోపము కలుగుట కద్దు. బి12 ఇచ్చినచో క్రమముగా నలుపు తగ్గును. అట్లుగాక, రక్తహీనతయేకదా యని ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మాత్రమే తిన్నచో రక్తము బాగుపడినట్లు కనబడును, కాని లోలోపల నరములు చెడుచునేయుండును. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలుట, నాలుక మంట తోడైనపుడు రక్తపరీక్ష తప్పదు. గోళ్లతోపాటు నోటిలోపలి చర్మమును, అరచేతి రేఖలును నల్లబడి, నీరసము, బరువు తగ్గుట, లేచినిలుచునప్పుడు కన్నులు తిరుగుట ఉన్నచో, 1855లో థామస్ ఆడిసన్ వర్ణించిన అడ్రినల్ గ్రంథుల వ్యాధిని శంకింపవలెను.

గోటి కొసవద్ద పుల్లముక్క గుచ్చుకొన్నట్లు కనబడు పొట్టి ఎర్రగీతలు వేరొక జాతి. అవి గోటికింద చిట్లిన సన్నని రక్తనాళముల జాడలు; చేతిపని చేయువారికి ఊరకయే వచ్చిపోవును. అయితే బాల్యమున కీళ్లవాతజ్వరము సోకి గుండెకవాటములు చెడినవారికి, విడువని జ్వరముతో ఇట్టి గీతలు అనేకవ్రేళ్లలో తోచినచో, గుండెలో క్రిములు చేరినవన్న అనుమానముతో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

మిగిలినది క్యాన్సరు. గోటికింద పుట్టు మెలనోమాను 1886లో లండను వైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ విపులముగా వర్ణించి, దాని ముఖ్యలక్షణమును చూపెను. నలుపు గోటివద్ద ఆగక, గోటి మొదటనున్న తోలునకును, ప్రక్కలనున్న చర్మమునకును ప్రాకుటయే ఆ లక్షణము. అది నేటికిని ఆయన పేరనే ప్రసిద్ధము. మెలనోమా ఎండవలన తెల్లవారికి వచ్చు వ్యాధియని మనలో చదువుకొన్నవారుసైతము తలంతురు. మనకు మొత్తముమీద అది అరుదైనమాట నిజమే. కాని నల్లనిచర్మము గలవారికి వచ్చినప్పుడు అది ఎండ తగులు వీపుపైనగాక, అరికాలియందును, అరచేతియందును, గోటికిందను వచ్చుటయే ఎక్కువ. చర్మపు నలుపు మనలను ఎండనుండి కాపాడును గాని గోటిమూలమును కాపాడదు. మన గోళ్లపై నిరపాయమైన గీతలు విస్తారముగానుండుటచేత, వాని నడుమ ఈ యొక్క గీత కలిసిపోవును, కలిసిపోవుటచేత ఆలస్యమగును. మనవంటివారికి ఈ వ్యాధి ప్రాణాంతకమగుటకు దాని స్వభావమెంత కారణమో ఈ ఆలస్యమును అంత కారణము.

కావున ఏ గీతను చూపించుకొనవలెను? పెద్దవయసువారికి, అందులోను ఏబది మొదలు డెబ్బదియేండ్ల నడిమివారికి, అంతకుముందు లేక క్రొత్తగా ఒక్క గోటిపైననే వచ్చిన గీతను చూపించుకొనవలెను. అది చేతి బొటనవ్రేలైనను, కాలి బొటనవ్రేలైనను, చూపుడువ్రేలైనను మరింత త్వరపడవలెను, ఏలయన ఈ వ్యాధి ఎక్కువగా ఎన్నుకొను చోట్లవియే. 3 మిల్లీమీటర్లు, అనగా రెండు బియ్యపుగింజల మందమునకు కొంచెము తక్కువ, వెడల్పున్న గీతయు, ఒకే గీతలో గోధుమ, నలుపు, బూడిదవన్నెలు కలగలిసి అంచులు చెదరియున్న గీతయు, కొన్ని నెలలలోనే వెడల్పైనదియు ముదిరినదియు శంకింపదగినవి. నలుపు గోటిని దాటి చర్మమునకు దిగినను, గోరు నిలువున చీలినను, పైకి లేచినను, నెత్తురు కారినను, గోటికింద మానని పుండు పడినను ఒక్కవారము కూడ జాగుచేయరాదు. కుటుంబమున మెలనోమా వచ్చినవారున్నను అంతే. ఈ క్యాన్సరులలో కొన్నిటికి నలుపే యుండదు. గోరుచుట్టని మందులు వాడుచున్నను నెలలతరబడి మానక, కండపెరిగి రసి కారుచున్న ఒక్కవ్రేలిని కూడ ఈ దృష్టితో చూడవలెను. నొప్పి లేదుగదా యని ధైర్యపడువారికి చెప్పునదేమన, ఆదిలో ఈ వ్యాధికి నొప్పి యుండదు.

పసిబిడ్డల విషయమున తల్లిదండ్రులు తల్లడిల్లవలదు. వారి గోటిగీతలు పెద్దవారి లక్షణములనే చూపి భయపెట్టినను, బహుళముగా గోటిమూలమునందలి పుట్టుమచ్చలే యగును; వైద్యుడు ఒకసారి చూచి, ఛాయాచిత్రములు తీసియుంచి, అప్పుడప్పుడు పోల్చుచుండినచో సరిపోవును.

చూపించుకొనవలసినది చర్మవైద్యునికి. కాకినాడలో 1958లో నెలకొన్న రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగము కలదు. రాజమహేంద్రవరమున 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. వైద్యుడు ముందుగా ఇరువది గోళ్లను, నోటిని, అరచేతులను, అరికాళ్లను చూచును. వాడుచున్న మందులన్నిటిని అడుగును. డెర్మోస్కోపు అను వెలుగుగల భూతద్దముతో గీతలోని పోగులు సమాంతరముగానున్నవో చెదరియున్నవో పరికించును. స్త్రీలు గోటిరంగును తుడిచికొని పోవలెను. గోరింటాకు మాత్రము తుడిచినంత పోదు. నెలలతరబడి గోటితో పెరిగి పోవలసినదే. బురదలో పనిచేయువారి గోళ్లకు మేలుచేయునను నమ్మికతో ఆషాఢమాసమున పెట్టుకొను ఆ గోరింటాకు మన ఇండ్లలో ఎంత ప్రియమైనదో నేనెరుగుదును. అయినను, అనుమానమున్న ఆ ఒక్క గోటిని విడిచిపెట్టి తక్కిన తొమ్మిదింటికి పెట్టుకొనుడని ఆడబిడ్డలను వేడుకొనుచున్నాను.

అనుమానము తీరనిచో బయాప్సీ చేయుదురు. వ్రేలిమొదట సూదిమందునిచ్చి తిమ్మిరెక్కించి, గోటిని పైకెత్తి, రంగు పుట్టుచున్న మూలమునుండి చిన్నముక్కను తీయుదురు. గోటి కొసను కత్తిరించి పంపినంతమాత్రమున బూజు సంగతి తెలియవచ్చునేగాని, మూలమున నేమున్నదో తెలియదు. ముక్క తీసినచో క్యాన్సరు పాకునను భయము మన జిల్లాలలో పెక్కుమందిని ఆసుపత్రి గుమ్మమునుండి వెనుకకు మరలించుచున్నది. ఆ భయమునకు ఆధారము లేదు. వ్యాధి పైపొరలోనే యున్నప్పుడు తెలిసినచో, గోటిని దాని మూలముతోసహా తొలగించి, ఆ చోట చర్మము అతికి, వ్రేలిని నిలుపుట నేడు సాధ్యమగుచున్నది. లోతునకు దిగిన పిమ్మట వ్రేలిలో కొంతభాగము తీయవలసివచ్చును. చంకలోనో గజ్జలోనో యున్న గ్రంథులను పరీక్షింపవలసివచ్చును. విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రివంటి చోటికి పోవలసివచ్చును.

ఒక్క పొరపాటు మాత్రము ఎవరును చేయనీయరాదు. ఊరిలో ఎవరో ఒకరు నల్లగోటిని పిప్పిగోరనుకొని ఊడబెరికి, కింద యాసిడ్‌తో కాల్చి, కట్టుకట్టి పంపుట నేటికిని జరుగుచున్నది. గోరు ఊడినను మూలము అచ్చటనే యుండును. కాలిన మచ్చక్రింద వ్యాధి ఎంతవరకు పోయినదో ఆ తరువాత కనుగొనుట కష్టము. ఏ వైద్యుడు ఏ కారణమున గోరు తీసినను, తీసినదానిని పారవేయక సీసాలో భద్రపరచి పరీక్షకు పంపుమని అడుగుడు. ఆ కాగితము చేతికి వచ్చినదాక వదలక తిరుగుడు.